తొలి వరుసలో నడిచేది ఎవరు?

పెద్ద ఆటకు ఎవరిని బరిలోకి దింపాలన్న వాదం ప్రతి జట్టులోనూ ఉంటుంది. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో భారత ఫుట్‌బాల్ జట్టు శిక్షకుడు, హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీం, తలకు కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించాడు. దక్షిణ కొరియాపై 2-1 తేడాతో స్వర్ణం దక్కింది. ఒక గోలు జర్నైల్‌దే. ఓడి ఉంటే నింద మొత్తం రహీం మీదే పడేది.

బస్తర్ పోరులో ముందు వరుసకు ఎవరిని పంపాలన్న ప్రశ్ననూ పాలకులు ఇలాగే, కేవలం నైపుణ్యానికి సంబంధించిన విషయంగా చూస్తున్నారు. సీఆర్పీఎఫ్ జవానుకు అడవి తెలియదు, గోండీ రాదు. స్థానిక యువకుడికి రెండూ వచ్చు. కనుక ముందు అతడే నడవాలి. దోర్నపాల్ నుంచి జగర్‌గుండ వైపు సాగే అడవుల్లో జరిగిన నష్టాలు ఈ వాదానికి బలమిచ్చిన మాట నిజం. 2010 ఏప్రిల్ 6న తాడిమెట్ల వద్ద 76 మంది, 2017 ఏప్రిల్ 24న బుర్కాపాల్ వద్ద 25 మంది నేలకొరిగారు.

అయితే ఆ స్థానిక యువకుడు ఎలా ఎంపికయ్యాడో దోర్నపాల్‌కు తెలుసు. సల్వాజుడుం కాలంలో ఊళ్లు ఖాళీ అయి, వేలమంది ఇక్కడి శిబిరంలో తలదాచుకున్నారు. ఊరు పోయి, పొలం పోయి, పని లేని కుర్రవాళ్లకు తుపాకి ఇచ్చి ప్రత్యేక పోలీసు అధికారులన్నారు. వారి నెలసరి గౌరవ భృతి చివరకు పెరిగింది 3,000 రూపాయలకు! 2011 జూలై 5న జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్‌ల ధర్మాసనం ఈ నియామకాలు రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. రాష్ట్ర ప్రభుత్వం వెంటనే సహాయక సాయుధ పోలీసు చట్టం తెచ్చి, ఆ కుర్రవాళ్లకే కొత్త పేరు పెట్టింది. ఆ తీర్పే రాకుంటే నక్సలిజం 2020 నాటికే అంతమయ్యేదని 2025 ఆగస్టులో కేంద్ర హోంమంత్రి అమిత్ షా అన్నారు. అప్పటికి సుదర్శన్ రెడ్డి ఉపరాష్ట్రపతి పదవికి ప్రతిపక్ష అభ్యర్థి అన్నది మరువరాదు. తీర్పు అడిగిన ప్రశ్నకు మాత్రం ఆ విమర్శలో జవాబు లేదు.

నేడు ముందు వరుసలో ఉన్నది డిస్ట్రిక్ట్ రిజర్వ్ గార్డ్. స్థానిక యువకులు, లొంగిపోయిన మావోయిస్టులు అందులో ఉన్నారు. 2025 మే 21న అబూజ్‌మఢ్‌లో నంబాళ కేశవరావును హతమార్చింది ఆ దళమే. దాని సామర్థ్యాన్ని కాదనవలసిన పని లేదు. కాని అదే సంవత్సరం జనవరి 6న బీజాపూర్ జిల్లా కుట్రు వద్ద మందుపాతర పేలి ఆ దళం వారితో సహా ఎనిమిదిమంది జవాన్లూ, వాహన చోదకుడూ మరణించారు. వారిలో ఐదుగురు ఒకప్పటి మావోయిస్టులు. ఆయుధం వదిలి వచ్చినవాడికి చూపిన పునరావాసం మళ్లీ ఆయుధమే అయితే, లొంగుబాటు అన్న మాటకు అర్థమేమిటి? అతడు వదిలింది యుద్ధాన్ని కాదు, ఒక పక్షాన్ని మాత్రమే.

జర్నైల్‌కు ఆట ముగిశాక ఇల్లు ఉంది. ఈ యువకులకు ఊరు లేదు. ఉన్నా, అన్నదమ్ములను ఎదుటి పక్షాన పోగొట్టుకున్న ఇళ్ల మధ్య అక్కడ బతకాలి. 2026 మార్చి 31 గడువు ప్రకటించిన హోంశాఖ, ఏప్రిల్ 1న వీరు ఏ గడప తొక్కాలో కూడా ప్రకటించాలి.