పీత పిల్లకు ‘చార్జింగ్’ ఎక్కడ అయిపోతోంది?

2025 ఆగస్టులో మన ఎగుమతులపై అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు, కంగారు పడినవాళ్లలో ఆంధ్ర తీరంలోని రొయ్యల రైతులు ముందున్నారు. ఒకే పంటను, ఒకే పెద్ద మార్కెట్‌ను నమ్ముకుంటే ఏమవుతుందో అప్పుడు తెలిసొచ్చింది. ‘రొయ్య కాకపోతే ఇంకేంటి?’ అన్న ప్రశ్నకు వినిపించే జవాబుల్లో మడ పీత ఒకటి. ప్రాణంతోనే విదేశాలకు వెళ్లే సరుకు ఇది. ఉప్పునీటి చెరువులున్నాయి, ఆక్వా తెలిసిన రైతులూ ఉన్నారు. చాలనిది ఒక్కటే: సీడ్, అంటే పీత పిల్లలు. ఇప్పటికీ చాలామంది మడ అడవుల్లో, క్రీకుల్లో పట్టిన పిల్లల మీదే ఆధారపడుతున్నారు.

ఎందుకీ కొరత?

ఒక తల్లి పీత ఒక్కసారికి పది లక్షలకు పైగానే గుడ్లు పెట్టగలదు. అయినా హ్యాచరీలో వందకు పది మిగిలితే మంచి బ్యాచ్ కిందే లెక్క. గుడ్డు నుంచి బయటికొచ్చిన పిల్లను జోయియా అంటారు. అది ఐదు దశలు దాటి మెగలోపా అవుతుంది, ఆ తర్వాతే పీత రూపం వస్తుంది. మొత్తం మూడు నాలుగు వారాల ప్రయాణం. దశ మారిన ప్రతిసారీ పాత పెంకు విడవాలి.

జోయియాను బుల్లి బ్యాటరీ ఉన్న ఫోన్ అనుకోండి. గుడ్డు సొనలో మిగిలిన కొవ్వే దాని మొదటి చార్జింగ్. ఈదడానికి, ఊపిరికి, ఎదగడానికి, పెంకు మార్చడానికి అన్నిటికీ అందులోంచే ఖర్చు. వేళకు మేత దొరక్కపోతే ముందు కొవ్వు, తర్వాత సొంత ఒంట్లోని ప్రొటీన్ కరుగుతాయి. ఫోన్ ఆఫ్ అయితే మళ్లీ చార్జింగ్ పెట్టుకోవచ్చు. జోయియా అలా కాదు. ఆకలి ఒక హద్దు దాటితే తర్వాత ఎంత మేత వేసినా తేరుకోదు.

కడుపు నిండితే సరిపోదు

పీత లార్వాలు డీహెచ్‌ఏ, ఈపీఏ అనే కొవ్వు ఆమ్లాలను తమకు చాలినంత తయారు చేసుకోలేవు. కొలెస్ట్రాల్‌నైతే అసలే చేసుకోలేవు. పెంకు విడిచేందుకు కావాల్సిన హార్మోన్‌కు ముడిసరుకు అదే. ఇవన్నీ మేతలోంచే రావాలి. లోటు పడితే ఐదో జోయియా మెగలోపాగా మారే సమయంలో పాత పెంకులోనే ఇరుక్కుని చనిపోయే ప్రమాదం ఉంది. రెండు మూడు వారాల కష్టం ఒక్క రాత్రిలో పోతుందన్నమాట.

మొదట్లో రోటిఫర్లు, తర్వాత ఆర్టీమియా పిల్లలు మేతగా వేస్తారు. అసలు చిక్కు ఇక్కడే. అప్పుడే పొదిగిన ఆర్టీమియాలో శక్తి ఎక్కువ. 24 గంటలు గడిస్తే అందులో 25 నుంచి 30 శాతం తగ్గిపోతుంది. పోనీ వెంటనే వేద్దామా అంటే, అందులో డీహెచ్‌ఏ దాదాపు ఉండదు. అది ఎక్కించాలంటే ఆర్టీమియా నోరు తెరిచేదాకా సుమారు 8 గంటలు ఆగి, కొవ్వు ఆమ్లాలున్న ద్రావణం తినిపించాలి. ఈలోగా అది పెద్దదై, వేగంగా ఈదుతూ చిన్న జోయియాకు చిక్కదు. ఏ దశకు ఏ మేత, ఏ గంటకు, మిల్లీలీటరుకు ఎన్ని? ఈ లెక్క తెలిసినవాళ్లే హ్యాచరీకి ప్రాణం.

మనకేంటి?

ఎంపెడా పరిధిలోని రాజీవ్ గాంధీ ఆక్వాకల్చర్ కేంద్రం తమిళనాడులో మడ పీత హ్యాచరీ నడిపి, ఆ టెక్నాలజీకి పేటెంట్ కూడా పొందింది. చెన్నైలోని సీబా కూడా పీత సీడ్ మీద పనిచేస్తోంది. అంటే దారి ఉంది, ఆ దారిలో నడిచే చేతులు కావాలి.

ఉన్నమాట చెప్పుకోవాలి. ‘పీతలతో నెలకు లక్షలు’ అనే వీడియోలు చూసి అప్పు చేసి దిగొద్దు. ఈ రంగంలో ఉద్యోగాలు ఐటీలాగా వేలల్లో రావు. కానీ ఆల్గే, రోటిఫర్, ఆర్టీమియా పెంపకం చేతికొస్తే రొయ్య హ్యాచరీల్లో, సముద్ర చేపల హ్యాచరీల్లో కూడా పనికొస్తుంది. ముత్తుకూరులో ఫిషరీ సైన్స్ కాలేజీ, కాకినాడలో సీఐఎఫ్‌ఈ కేంద్రం ఉన్నాయి. జువాలజీ, బయోటెక్నాలజీ వాళ్లు లైవ్ ఫీడ్ వైపు చూడొచ్చు. నాలాంటి ఇంజినీరింగ్ వాళ్లకూ చోటుంది. లార్వాలు ఎంత ఆక్సిజన్ పీల్చాయి, ఎంత అమ్మోనియా వదిలాయి అని కొలిస్తే, అవి కొవ్వు కరిగిస్తున్నాయా, సొంత ప్రొటీన్ కరిగిస్తున్నాయా అన్నది అంచనా వేయొచ్చు. ఇది సెన్సర్లు, డేటా తెలిసినవాళ్ల పనే కదా!

ఏదైనా హ్యాచరీకి ఇంటర్వ్యూకి వెళ్తే ఒక ప్రశ్నకు సిద్ధంగా ఉండండి: ‘పొదిగిన ఆర్టీమియాను ఎన్ని గంటలకు వేస్తావు, ఎందుకు?’ ‘ఎందుకు’కు జవాబు చెప్పగలిగితే, సర్టిఫికెట్ కంటే అదే ఎక్కువ మాట్లాడుతుంది.