పాత పెట్టెలోని హాలీ నోటు

అత్వెల్లిలోని ఒక విద్యార్థి తన ఇంట ఇనుప పెట్టె అడుగున దొరికిన పది రూపాయల హాలీ నోటును మాకు చూపించాడు. చిరుగుకు జిగురుపట్టీ అతికించి, ప్లాస్టిక్ పొర వేయించి తెచ్చాడు. భద్రపరిచాననుకొన్నాడు పాపం! కాగితానికి అంతకు మించిన శత్రువు లేదు.

మొదటి ప్రపంచయుద్ధంలో వెండికి కరవు ఏర్పడగా నిజాం ప్రభుత్వం 1918లో ఈ నోట్లను వెలువరించింది. ఆపద్ధర్మంగా పుట్టిన ధనమన్నమాట. ఆ రోజులలోనే, అంతర్యుద్ధంలో చిక్కిన రష్యాలో వ్లాదికవ్‌కాజ్ రైల్వే కంపెనీ తన పేరిట అచ్చువేసిన కాగితాలు డబ్బుగా చెలామణి అయ్యాయి. వాటిని సేకరించేవారు నేడు దేశదేశాలా ఉన్నారు. ఉర్దూతో పాటు తెలుగు, కన్నడం, మరాఠీ ధరించిన మన నోటునో, మన ఇళ్ళలోనే ఎరుగరు.

1922లో ఫ్రాన్సు తీరాన మునిగిన ఈజిప్ట్ అనే ఓడలో హైదరాబాదు నోట్లూ ఉన్నాయి. దశాబ్దం తరువాత సముద్రగర్భం నుండి వెలికితీసిన ఆ కాగితాలకు సేకర్తలు పోటీపడతారు. పడనీయండి. నోటు చూడగానే ధర అడగడం మాత్రం మాకు రుచించదు. అది ఏ కష్టానికి ఇంటికి వచ్చిందో ముందు అడగాలి. హాలీ చెలామణి 1950లలోనే ముగిసింది. దానిని చేత పట్టినవారు ఎనభై దాటారు. ఇందుకై కళాశాల గ్రంథాలయం ఒక బీరువా కేటాయించడం న్యాయమని మా అభిప్రాయం.

మా మాటపై ఆ విద్యార్థి నానమ్మను అడిగాడు. ఎద్దును అమ్మిన పైకంలో మిగిలినదట; మార్పిడి గడువుకు బయట పెట్టడం మరచారట. ఆ మాటను చీటీపై వ్రాయించి నోటుతో ఉంచాము. ప్లాస్టిక్ పొరను మాత్రం తీయలేకపోయాము.