హద్దులు లేని జవాబు సగం జవాబే

నేను హైస్కూల్లో చదువుకునే రోజుల్లో ఒక దొంగ లెక్క రాశాను. లఘులోలకంతో గురుత్వ త్వరణం కనుక్కునే ప్రయోగం అది. లోలకం పొడవు 100 సెంటీమీటర్లు. 20 డోలనాలకు 41 సెకన్లు పట్టింది. లెక్క కడితే 939 వచ్చింది. పుస్తకంలో మాత్రం 980 అని ఉంది. నేను చుట్టూ చూసి, 41ని రబ్బరుతో చెరిపి 40.1 అని దిద్దాను. జవాబు 982 వచ్చింది. రికార్డులో ఎర్ర సిరాతో రైటు మార్కు పడింది. మా స్టాప్‌క్లాకు సెకన్లు మాత్రమే చూపేది. అందులో సెకనులో పదో వంతు నాకెలా కనిపించిందని ఎవరూ అడగలేదు!

మీలో ఎంతమంది ఇలా చేశారో నేను అడగను. కాని ఒక్క మాట చెప్పదలచుకున్నాను. ఆ రోజు దిద్దకుండా ఉంటేనే నా జవాబు సరైనదయ్యేది. ఎలాగో చూడండి.

గడియారం 41 చూపింది. నా వేలు మీట నొక్కడంలో కొంచెం ముందో వెనుకో అయి ఉంటుంది. కాబట్టి నాకు నిజంగా తెలిసిందల్లా ఆ కాలం 40కి, 42కి మధ్య ఉన్నదని మాత్రమే. పొడవు సరిగానే కొలిచాననుకుందాం. 42 సెకన్లు తీసుకుంటే గురుత్వ త్వరణం 895 వస్తుంది. 40 తీసుకుంటే 987 వస్తుంది. అంటే నా ప్రయోగం చెప్పిన అసలు జవాబు "895కి, 987కి మధ్య". పుస్తకంలోని 980 ఆ హద్దుల లోపలే ఉంది కదా! 939 అని ఒక్క అంకె రాస్తే తప్పు. హద్దులు రాస్తే నిజం.

అంతే కాదు. తరువాత ఏం చెయ్యాలో కూడా ఆ హద్దులే చెబుతాయి. 20కి బదులు 100 డోలనాలు లెక్కించి ఉంటే, అదే ఒక్క సెకను పొరపాటుకు హద్దులు 970కి, 990కి దగ్గరగా వచ్చేవి. అంటే చెయ్యవలసింది రబ్బరు వెతకడం కాదు, మరి కొంతసేపు ఓపికగా లెక్కపెట్టడం.

ఇలా రెండు హద్దుల మధ్య జవాబు చెప్పడాన్ని గణితంలో అంతరం అంటారు. ఇది కొత్త ఆలోచన కాదు. క్రీస్తుకు పూర్వం మూడవ శతాబ్దంలోనే ఆర్కిమెడిస్ 96 భుజాల బహుభుజిని వృత్తం లోపల ఒకటి, బయట ఒకటి ఊహించి, π విలువ 223/71 కంటె ఎక్కువ, 22/7 కంటె తక్కువ అని నిరూపించాడు. మీరు రోజూ లెక్కల్లో వాడే 22/7 ఇదే. ఆయన దాన్ని π విలువ అనలేదు. అది పై హద్దు మాత్రమే. రెండు హద్దుల్లో ఒకదాన్ని మనం మరచిపోయాం!

ఇప్పుడు కంప్యూటరు సంగతికి వద్దాం. కంప్యూటరు లెక్క తప్పదని మనకు గట్టి నమ్మకం. కాని దానికి 1/10 అనే చిన్న భిన్నాన్ని కూడా పూర్తిగా రాయడం చేతకాదు. అది అంకెలను 0, 1 లతోనే రాస్తుంది. మన పద్ధతిలో 1/3 రాస్తే 0.333... అని ఎప్పటికీ తెగనట్టే, దాని పద్ధతిలో 1/10 తెగదు. ఎక్కడో ఒకచోట తోక కత్తిరించాలి.

ఆ చిన్న తోక ఎంత పని చేసిందో వినండి. 1991లో గల్ఫ్ యుద్ధం జరుగుతున్నప్పుడు, సౌదీ అరేబియాలోని దహ్రాన్‌లో శత్రు క్షిపణులను ఆకాశంలోనే పడగొట్టే పేట్రియట్ యంత్రాలను అమెరికా సైన్యం ఉంచింది. వాటి కంప్యూటరు కాలాన్ని సెకనులో పదో వంతుల్లో లెక్కించేది. ఒక్కొక్క పదో వంతులో పోయిన తోక సెకనులో కోటవ వంతు కంటె తక్కువే. కాని యంత్రం ఆపకుండా సుమారు 100 గంటలు నడిచింది. 100 గంటల్లో పదో వంతు సెకన్లు 36 లక్షలు. అన్నీ కలిసి గడియారం సెకనులో మూడో వంతు తప్పింది. వస్తున్న స్కడ్ క్షిపణి వేగం సెకనుకు 1,600 మీటర్ల పైమాటే. కాబట్టి యంత్రం దాన్ని అర కిలోమీటరుకు పైగా తప్పు చోట వెతికింది. ఫిబ్రవరి 25న ఆ క్షిపణి సైనికుల బస మీద పడి 28 మంది చనిపోయారు.

ఆ గడియారం తన అంకెతోపాటు హద్దులు కూడా చెప్పి ఉంటే, గంట గంటకూ అవి ఎడమవుతున్నట్టు కనిపించేది. అలా హద్దులతోనే లెక్క చేసే పద్ధతి అప్పటికే ఉంది. అమెరికా గణిత శాస్త్రజ్ఞుడు రామన్ మూర్ 1966లో దీనిపై ఒక గ్రంథం ప్రచురించాడు. ప్రతి మెట్టులోనూ కింది హద్దును కొంచెం కిందికి, పై హద్దును కొంచెం పైకి జరిపి రాయడం ఇందులోని కిటుకు. అప్పుడు తోకలు ఎన్ని తెగినా అసలు జవాబు హద్దులు దాటి పోదు.

ఇందులో ఇబ్బంది లేదా అని మీరు అడగవచ్చు. ఉంది. బిందెలో 4 నుంచి 6 లీటర్ల నీళ్ళున్నాయనుకోండి. అందులోంచి ఆ నీళ్ళన్నీ తీసేస్తే మిగిలేది సున్న. కాని హద్దులతో గుడ్డిగా తీసివేస్తే "-2 నుంచి 2 లీటర్లు" అని వస్తుంది! రెండు చోట్లా ఉన్నవి ఒకే నీళ్ళని ఆ పద్ధతికి తెలియదు మరి. ఇలా హద్దులు ఊరికే ఉబ్బిపోకుండా చూడడమే ఈ రంగంలో పరిశోధకులకు పెద్ద పని. అయినా నా ఉద్దేశంలో, ఉబ్బిన నిజం బిగించిన అబద్ధం కంటె మేలు.

ఇంతవరకు చెప్పింది మనకు సరిగా తెలియని అంకెల గురించి. అంకె సరిగా తెలిసినా తెగని మాటలు వేరే ఉన్నాయి. "గోరువెచ్చన" అనే మాట చూడండి. స్నానానికి వేణ్ణీళ్ళలో చన్నీళ్ళు కలిపేటప్పుడు, ఏ డిగ్రీ దగ్గర నీళ్ళు గోరువెచ్చన అవుతాయి? 35 డిగ్రీలని గీత గీస్తే, 34.9 డిగ్రీల నీళ్ళు కావా? మీరు తరగతిలో నేర్చుకున్న సమితిలో ఒక మూలకం ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. 1965లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలోని లత్ఫీ జాదె వేరే దారి చూపాడు. సభ్యత్వం 0, 1 మాత్రమే కానక్కరలేదు, మధ్యలో ఎంతైనా కావచ్చు అన్నాడు. 38 డిగ్రీల నీళ్ళకు సభ్యత్వం 1, 34కు 0.5, 30కి 0 అని మనం పెట్టుకోవచ్చు. దీని మీద కట్టిన తర్కమే ఫజీ లాజిక్. మనం మసక తర్కం అందాం. "వేగం కాస్త ఎక్కువైతే బ్రేకు కొంచెం వెయ్యి" వంటి ఆజ్ఞలు దీనివల్ల యంత్రానికి అర్థమవుతాయి. 1987లో జపానులోని సెందాయ్ నగరంలో ప్రారంభమైన భూగర్భ రైళ్ళను ఈ పద్ధతితోనే కుదుపు లేకుండా నడిపి ఆపారు.

ఈ రెంటినీ కలిపెయ్యకండి. ఉష్ణమాపకం సరిగా లేక "33 నుంచి 37" అంటే అది మన తెలియనితనం. మంచి ఉష్ణమాపకం తెస్తే హద్దులు దగ్గరవుతాయి. ఎంత మంచి ఉష్ణమాపకం తెచ్చినా "గోరువెచ్చన"కు గీత రాదు. మసక ఆ మాటలోనే ఉంది. మాటకు మసక ఉండడం తప్పు కాదు. మన తెలియనితనాన్ని మసక మాట వెనుక దాచడమే తప్పు. "సుమారు 980" అని రాసి ఊరుకుంటే అలాగే దాచినట్టు. సుమారు అంటే ఎంత? పదా, వందా?

అందుకే ఈసారి ప్రయోగం చేసినప్పుడు రబ్బరు పక్కన పెట్టండి. మీకు వచ్చిన అంకె రాయండి. దాని కింద, అది ఎంత అటూ ఇటూ కావచ్చో, ఎందుకో కూడా ఒక వాక్యం రాయండి. ఉపాధ్యాయులకు నా మనవి ఒకటే. మార్కులు 980కి కాదు, ఆ వాక్యానికి వెయ్యండి.