హామ్‌స్టర్ తల్లికి దెయ్యం పట్టలేదు

పిల్లల్ని తినే హామ్‌స్టర్ల వార్త ఇప్పటికీ ఎవరో ఒకరు నాకు పంపుతూనే ఉంటారు, కింద ఒక దెయ్యం బొమ్మ తగిలించి. ఆ దెయ్యం బొమ్మతోనే నా తగువు.

ఇది దుకాణాల్లో అమ్మే గుప్పెడంత పెంపుడు జీవి కాదు. నల్లటి పొట్ట, బుగ్గసంచుల నిండా గింజలు. స్టెప్పీ గడ్డిమైదానాల ప్రాణి. ఫ్రాన్సులోని అల్సాస్‌లో గోధుమ చేలతోనూ సర్దుకుంది. రైతులు చీడ అని చంపారు. 1993లో చట్టం అడ్డుపడింది గానీ, చేలల్లోకి మొక్కజొన్న ముంచుకొచ్చింది.

స్ట్రాస్‌బర్గ్ పరిశోధకులు 2017లో ప్రచురించిన ప్రయోగం సంగతే ఆ వార్త. మొక్కజొన్న మీద బతికిన తల్లులు అప్పుడే పుట్టిన పిల్లల్ని ప్రాణాలతోనే తినేశాయి. వాటి నాలుకలు నల్లబడ్డాయి, గిరగిరా తిరిగాయి. మేతలో బి3 విటమిన్ కలిపితే మామూలుగా పిల్లల్ని సాకాయి. వార్త పంపేవాళ్ళు ఈ చివరి వాక్యం దాకా చదవరు.

మనుషుల్లో ఈ లోపం పేరు పెల్లాగ్రా. మొక్కజొన్న తప్ప మరోటి దొరకని ఇటలీ పల్లె పేదలకీ, అమెరికా దక్షిణాది పత్తి కూలీలకీ వచ్చింది. వాళ్ళనీ పిచ్చాసుపత్రుల్లో వేశారు. హైదరాబాదులో సి. గోపాలన్ బృందం జొన్న మీదే బతికే మన పేదల్లోనూ ఈ జబ్బుని పరిశీలించింది. మెక్సికో ఆడవాళ్ళు మాత్రం తరతరాలుగా మొక్కజొన్నని సున్నపు నీళ్ళలో ఉడికిస్తారు. గింజలో బిగుసుకున్న విటమిన్ అలా ఊడొస్తుంది. యూరప్ పంటని పట్టుకుపోయింది, వంటని వదిలేసింది!

హామ్‌స్టర్‌ని సరిగ్గా కాపాడలేదని 2011లో యూరోపియన్ న్యాయస్థానం ఫ్రాన్సుని తప్పుపట్టింది. 2020లో అది అంతరించే ప్రమాదం అత్యధికంగా ఉన్న జంతువుల జాబితాకెక్కింది. 2021లో అదే మైదానం మీదుగా స్ట్రాస్‌బర్గ్ బైపాస్ తెరిచారు. మరోపక్క పంజరాల్లో పెంచిన హామ్‌స్టర్లని తెచ్చి పొలాల్లో వదులుతుంటారు. ఏం తినమని?

రైతు బతకొద్దా అంటారు. బతకాలి. గోధుమ, అల్ఫాల్ఫా వేసి, కొంత కోయకుండా నిలబెట్టినందుకు అక్కడి రైతులు కొందరికి డబ్బు ఇస్తున్నారు. ఆ నిలిచిన చేలో హామ్‌స్టర్‌కి తిండీ ఉంటుంది, నక్క కంటపడకుండా దాక్కునే చోటూ ఉంటుంది.