గడువు దాటిన రెండు వారాలు

ఏటా అక్టోబరు 14 వస్తుంది. మన క్యాలెండర్లో ఆ గడిలో మామూలుగా ఏమీ ఉండదు. దక్షిణ వేల్స్‌లోని అబర్ లోయ జనానికి మాత్రం అది సంవత్సరీకం రోజు. 1913లో ఆ ఉదయం ఎనిమిది దాటిన కాసేపటికి సెంగ్‌హెనిద్ అనే ఊళ్లో యూనివర్సల్ బొగ్గుగని పేలింది. గని కార్మికులు 439 మంది, వాళ్లను కాపాడటానికి దిగిన ఒక మనిషి, మొత్తం 440 మంది పోయారు. బ్రిటన్ గనుల చరిత్రలో ఒక్క పేలుడులో ఇంతమంది పోయిన రోజు మరొకటి లేదు.

విచిత్రమేమిటంటే, 1913 వేల్స్‌కు సిరుల ఏడాది. ఆ ఒక్క సంవత్సరంలో దక్షిణ వేల్స్ గనులు 5.68 కోట్ల టన్నుల బొగ్గు తీశాయి. అంతకు ముందు అంత తీయలేదు, ఆ తర్వాతా తీయలేదు. బారీ రేవు ఒక్కటే కోటీ పది లక్షల టన్నులు ఎగుమతి చేసి ప్రపంచంలోనే అతిపెద్ద బొగ్గు రేవు అనిపించుకుంది. సముద్రాల మీద తిరిగే ఎన్నో ఓడల్లో మండేది ఆ లోయల బొగ్గే. దక్షిణ ధ్రువానికి వెళ్లిన కెప్టెన్ స్కాట్ ఓడ టెర్రా నోవా కార్డిఫ్ రేవు నుంచే బయల్దేరింది, నాయకుణ్ణి పోగొట్టుకుని 1913 జూన్‌లో అక్కడికే తిరిగొచ్చింది. ఆ రాకను వేల్స్ అంతా కన్నీళ్లతో చూసింది. నాలుగు నెలలకే ఇంకా పెద్ద శోకం ఇంటి గుమ్మంలోకి వచ్చింది.

సింగరేణి వైపు గనిని గని అనరు, బాయి అంటారు. ‘మొదటి షిఫ్టుకు బాయికి పోయిండు’ అన్న మాట వెనుక ఇంట్లోవాళ్ల గుండెల్లో ఏముంటుందో కొత్తగూడెంలోనో గోదావరిఖనిలోనో పెరిగినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ఇంగ్లండ్‌లో రిజిస్టరైన హైదరాబాద్ దక్కన్ కంపెనీ 1886లో మన ఎల్లందు దగ్గర బొగ్గు తవ్వే హక్కులు తీసుకుంది. ఆ దేశపు బాయి పద్ధతులు మన నేలలోకి కూడా దిగాయి. అందుకే సెంగ్‌హెనిద్ నాకు పరాయి ఊరిలా అనిపించదు.

ఆ రోజుల్లో బాయిలోకి దిగే ప్రతి మనిషీ దీపాల గదిలో తన దీపం తీసుకుని వెళ్లేవాడు. షిఫ్టు అయ్యాక తిరిగి ఇచ్చేవాడు. వెనక్కి రాని దీపాలను లెక్కపెడితే లోపల ఎంతమంది ఉన్నారో తెలిసేది. అక్టోబరు 14న సుమారు 950 మంది కింద ఉన్నారు. పేలింది పడమటి వైపు. తూర్పు వైపు వాళ్లను పైకి తేగలిగారు. పడమటి వైపు నుంచి, మంటలతో పోరాడి మర్నాడు తెల్లవారుజామున ఓ పద్దెనిమిది మందిని బతికుండగా బయటికి తెచ్చారు. ఆ తర్వాత వచ్చినవన్నీ శవాలే.

లోపల ఏం జరుగుతుందో కొంచెం ఓపికగా చూడాలి. బొగ్గు పొరల్లోంచి మీథేన్ ఊరుతూ ఉంటుంది. చిన్న నిప్పురవ్వ తగిలితే అది భగ్గుమంటుంది. ఆ దెబ్బకు నేల మీద, గోడల మీద, కప్పు మీద పేరుకున్న బొగ్గుధూళి పైకి లేచి, ఆ ధూళే మళ్లీ పేలుతుంది. అలా ఒక గదిలో పుట్టిన మంట మైళ్ల దూరం పరుగెత్తుతుంది. పోతూ పోతూ కార్బన్ మోనాక్సైడ్ వదిలిపోతుంది. మంట తాకని చోట కూడా మనుషులు కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే పోయేది దానివల్ల. అప్పుడు గాలి నడిచే దిశే ప్రాణం. బావి పైనుండే ఫ్యాన్ గాలిని ఒక వైపు నడిపిస్తుంటే, పొగను మనుషుల మీదికి కాకుండా రెండో వైపు మళ్లించగలగాలి.

ఈ సంగతి అప్పటికే ప్రభుత్వానికి తెలుసు. 1911లో చేసిన బొగ్గుగనుల చట్టం ప్రకారం ప్రతి గనిలో గాలి దిశను వెంటనే తిప్పగలిగే ఏర్పాటు ఉండాలి. 1913 జనవరి 1 కల్లా అది పూర్తి కావాలి. తర్వాత గడువును సెప్టెంబరు 30 వరకు పొడిగించారు. యూనివర్సల్ గనిలో ఆ తేదీకి కూడా పని కాలేదు. గడువు దాటిన రెండు వారాలకు గని పేలింది.

పోనీ, అది ప్రమాదం ఎరగని గనా అంటే, అదే గని 1901 మేలో పేలి 81 మందిని మింగింది. ఆ రోజు లోపలున్నవాళ్లలో బతికి బయటపడింది ఒక్కడే. పన్నెండేళ్లు గడిచాయి. లోపల మీథేన్ ఊరుతుందని, ధూళి పేరుకుంటుందని అందరికన్నా బాగా ఆ యజమానులకే తెలుసు. అందుకే దీన్ని ప్రమాదం అనడానికి నాకు మనసొప్పదు.

ఊరి సంగతి చెప్పాలంటే చెయ్యి ఆగుతుంది. పోయినవాళ్లలో 60 మంది ఇరవై ఏళ్లు నిండనివాళ్లు. వాళ్లలో ఎనిమిది మందికి పద్నాలుగేళ్లే. రెండొందలకు పైగా ఆడవాళ్లు భర్తల్ని పోగొట్టుకున్నారు. 542 మంది పిల్లలకు తండ్రి లేకుండా పోయాడు. తండ్రి, కొడుకు ఒకే షిఫ్టులో దిగి ఇద్దరూ రాని ఇళ్లున్నాయి. నడిచి దాటగలిగేంత చిన్న ఊళ్లో ఇన్ని ఇళ్లలో ఒకేసారి ఏడుపు వినిపిస్తే, ఎవరు ఎవరిని ఓదార్చాలి?

గనుల ప్రధాన తనిఖీ అధికారి రిచర్డ్ రెడ్‌మేన్ అధ్యక్షతన విచారణ జరిగింది. గని కార్మికుల నాయకుడు రాబర్ట్ స్మైలీ కూడా అందులో కూర్చున్నాడు. మంట ఎలా అంటుకుందో గట్టిగా తేలలేదు. విద్యుత్ గంటల తీగల నుంచి వచ్చిన నిప్పురవ్వ మీద అనుమానం మిగిలింది. కానీ తప్పులు మాత్రం స్పష్టంగా బయటపడ్డాయి. మేనేజరు మీద 17, కంపెనీ మీద 4 అభియోగాలు పెట్టారు. మేనేజరుకు పడిన జరిమానా 24 పౌండ్లు. కంపెనీని మొదట వదిలేశారు, అప్పీలు మీద 10 పౌండ్లు వేశారు. మేనేజరు కట్టిన సొమ్మును చనిపోయినవాళ్ల లెక్కతో భాగించి, ఒక్కో కార్మికుడి ప్రాణానికి కోర్టు కట్టిన వెల షిల్లింగూ ఒక పెన్నీ పైచిలుకు అని అప్పటి కార్మిక పత్రిక రాసింది. ఆ భాగహారం చేసిన చేతికి దండం పెట్టాలనిపిస్తుంది. వందమంది వక్తలు చెప్పలేనిది అది చెప్పింది.

ఆ గని 1913 నవంబరు చివరికే మళ్లీ తెరుచుకుంది. 1928లో శాశ్వతంగా మూతపడింది. పేలుడు జరిగిన నూరేళ్లకు, 2013 అక్టోబరు 14న, ఆ చోటే వేల్స్ జాతీయ గని కార్మికుల స్మారకం వెలిసింది. గాయపడిన కార్మికుణ్ణి పట్టుకుని నడిపిస్తున్న మరో మనిషి, అంతే ఆ విగ్రహం. అక్కడ గని యజమాని లేడు, మంత్రి లేడు. వేల్స్ తన సిరుల ఏడాదిని ఆ ఇద్దరి రూపంలో గుర్తుంచుకోవడం నాకు సరైన పని అనిపిస్తుంది. కోట్ల టన్నుల లెక్క పాఠంలో వస్తే, పక్కనే 440 కూడా రావాలి.

మన దగ్గర కూడా గనిలోనో, మందుల ఫ్యాక్టరీలోనో, బాణసంచా షెడ్డులోనో పేలుడు జరిగిందంటే పేపర్లో ముందు మృతుల సంఖ్య, తర్వాత నష్టపరిహారం వస్తాయి. రెండు రోజులకు వార్త లోపలి పేజీకి పోతుంది. చదివేవాళ్లను నేను కోరేది ఒక్కటి. ఈసారి అలాంటి వార్త కనబడితే అక్కడితో ఆగకండి. చివరి తనిఖీ ఎప్పుడు జరిగింది, ఏ పనికి ఎన్నిసార్లు గడువు పెంచారు, కేసు ఎక్కడిదాకా వచ్చింది అని వెతకండి. ఆ మూడూ వార్తలో లేకపోతే పత్రికకు ఒక ఉత్తరం రాయండి. మా పత్రికైనా సరే.