పురుషుల కర్తవ్యము

1972వ సంవత్సరము మార్చి నెలలో మహారాష్ట్రలోని చంద్రపూరు జిల్లాలో ఒక గిరిజన బాలిక పోలీసు ఠాణాలోనే అత్యాచారమునకు గురియైనది. నిందితులకు హైకోర్టు విధించిన శిక్షను 1978లో సుప్రీంకోర్టు రద్దుచేసినది. బాలిక దేహముపై గాయములు లేవు గనుక ఆమె ప్రతిఘటించితిననుట నమ్మదగినది కాదని ధర్మాసనము తలచినది.

మరుసటి యేడు నలుగురు న్యాయశాస్త్రోపాధ్యాయులు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ వ్రాసిరి. వారిలో లోతికా సర్కార్, వసుధా ధగంవార్ స్త్రీలు. ఉపేంద్ర బక్షీ, రఘునాథ కేల్కర్ పురుషులు. భయముచే లొంగుట వేరు, మనసార సమ్మతించుట వేరు అని వారు చాటిరి. మహిళాసంఘముల ఆందోళన తోడై 1983లో చట్టము సవరింపబడినది. శారీరక ప్రతిఘటన లేనంతమాత్రమున అది అంగీకారము కాదని 2013 నాటి సవరణ స్పష్టపరచినది.

చట్టము మారినది గాని రచ్చబండ మీది ప్రశ్న మారలేదు. "అరవలేదేమి? ఆ వేళప్పుడు అటు ఏల పోయినది?" అని నేటికిని అడుగుచునే యున్నారు. భీతి గొంతును బిగియించును, దేహమును కొయ్యబార్చును. ఈ సంగతి ఎరిగినవాడు ఆ ప్రశ్న వేయడు. "తప్పు నీది కాదు" అని మాత్రము పలుకును.

"వానిని నరికివేసెదను" అని అన్న ఉగ్రుడైనచో, చెల్లెలు తన బాధకు తోడు అతని కోపమును గూడ మోయవలసివచ్చును. ఆమెకు కావలసినది ప్రతీకారము కాదు, ఆసరా. ఓపికతో వినవలెను. ఆస్పత్రికిగాని ఠాణాకుగాని ఆమె కోరినచో తోడుపోవలెను. ఆమె పేరు బయటపెట్టరాదు. వయసువచ్చిన స్త్రీ విషయమున నిర్ణయము ఆమెదే. బాధితులు పదునెనిమిదేండ్లు నిండని పిల్లలైనచో తెలిసినవారు పోలీసులకు తెలియజేసి తీరవలెనని 2012 నాటి పోక్సో చట్టము శాసించుచున్నది. బడి పరువు పోవునని దాచిన ఉపాధ్యాయుడును శిక్షార్హుడే. 1098 నంబరుకు ఫోను చేసినను సహాయము లభించును.

నివారణ ఇంతకంటె ముందే మొదలు కావలెను. తరగతిలో ఒక బాలుడు తోటి బాలికను గూర్చి వెకిలిమాట ఆడినపుడు పదిమంది నవ్వుదురు. ఆ నవ్వు వానికి అనుమతిపత్రము. ఆ పదిమందిలో ఒక్కడు నవ్వక "ఇది తగదు" అనిన చాలును, వాని ధైర్యము సడలును. ఆ ఒక్కనిని తయారుచేయుట ఉపాధ్యాయుని పని. ఆ ఒక్కడగుట విద్యార్థి పని.