శ్రీబాగ్ సంతకాలకు చట్టం ఏదీ?

పెద్దమనుషుల సంతకం విలువెంతో పలమనేరులో నిలబడి చూస్తే తెలుస్తుంది. 2025 ఆగస్టులో హంద్రీ-నీవా కాలువలో కృష్ణ నీళ్లు కుప్పం చేరాయి. సంతోషమే, కాదనం. అయితే ఆ నీళ్లలో సీమకే మొదటి హక్కని రాసుకున్న కాగితం మీది తేదీ 1937 నవంబర్ 16. ఎన్నేళ్లయిందో లెక్కేసుకోండి!

అప్పటికి మనం తెల్లదొరల ఏలుబడిలో, మద్రాసు రాష్ట్రంలో ఉన్నాం. (మన పలమనేరు దత్తమండలం కూడా కాదు. ఉత్తర ఆర్కాటు నుంచి 1911లో చిత్తూరు జిల్లాలో కలిసింది.) 1935 చట్టంతో రాష్ట్రాలకు స్వపరిపాలన వచ్చింది. ఆంధ్ర రాష్ట్రం కావాలని కోస్తా నాయకులు కదిలారు. మద్రాసు పెత్తనం పోయి కోస్తా పెత్తనం వస్తుందేమోనని సీమవాళ్లు సందేహించారు. ఆ సందేహం తీర్చడానికే మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇల్లు 'శ్రీబాగ్'లో కూర్చున్నారు. కొండా వెంకటప్పయ్య, పట్టాభి సీతారామయ్య, మన కల్లూరి సుబ్బారావు అందరూ సంతకాలు పెట్టారు.

ఏం రాశారు? తుంగభద్ర, కృష్ణ, పెన్న నీళ్లలో పదేళ్లు, అవసరమైతే ఇంకా ఎక్కువ కాలం సీమకే ప్రాధాన్యం. అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం. శాసనసభ సీట్లు జిల్లాకు సమానం. రాజధాని, హైకోర్టు రెండింటిలో ఏది కావాలో కోరుకునే హక్కు సీమది.

ఏం జరిగింది? కర్నూలు రాజధాని 1953 అక్టోబర్ 1న వచ్చి 1956లో హైదరాబాదుకు పోయింది. కృష్ణా-పెన్నార్ పథకాన్ని పక్కనపెట్టి నాగార్జునసాగర్‌కు 1955లో పునాది రాయి వేశారు. హైకోర్టును కర్నూలుకిస్తామని 2020లో చట్టం చేసినవాళ్లే 2021లో వెనక్కి తీసుకున్నారు. నేడు రాజధాని, హైకోర్టు రెండూ అమరావతిలోనే. పలమనేరు కక్షిదారుడు రాత్రి బస్సెక్కాల్సిందే.

కోస్తావాళ్లు మోసం చేశారని తిట్టుకుంటే సరిపోదు. మనవాళ్లదీ తప్పుంది. 1953 ఆంధ్ర రాష్ట్ర చట్టం పార్లమెంటులో నడుస్తుంటే శ్రీబాగ్ షరతులను ఒక్క సెక్షనుగానైనా ఎక్కించలేకపోయారు. మాట మీద నమ్మకముంచారు!

ఐర్లండ్‌ను చూడండి. 1921 డిసెంబర్ 6న లండన్‌లో బ్రిటిష్ ప్రభుత్వంతో సంతకాలయ్యాయి. 1922 మార్చి దాటకముందే బ్రిటిష్ పార్లమెంటు ఆ ఒప్పందాన్ని చట్టం చేసింది. తుపాకులతో పోరాడిన శత్రువుతో చేసుకున్నదానికి నాలుగు నెలల్లో చట్టం. అన్నదమ్ములతో చేసుకున్నదానికి నేటికీ లేదు. తెలంగాణవాళ్ల 1956 పెద్దమనుషుల ఒప్పందాన్నీ తుంగలో తొక్కారు. అయినా అందులోని ప్రాంతీయ సంఘం మాట రాజ్యాంగం 371వ అధికరణంలోకి ఎక్కింది. అడగడానికి వాళ్లకొక ఆధారముండింది. 2014లో రాష్ట్రమే తెచ్చుకున్నారు.

ఇప్పుడు హంద్రీ-నీవాకొచ్చే నీళ్లేవి? మిగులు జలాలు! పైవాళ్లందరూ తాగాక మిగిలితేనే మనకు. 2014 విభజన చట్టం 11వ షెడ్యూలులో పథకం పేరైతే ఉంది, కానీ మనకు కావలసింది నికర జలాల కేటాయింపు. మొదటి హక్కని రాసుకున్నవాళ్లం చివరి వరుసలో నిలబడ్డాం.

విద్యార్థులారా, ఉద్యోగులారా! ఈసారి ఓట్లకొచ్చే నాయకుడు శ్రీబాగ్ పేరెత్తితే చప్పట్లు కొట్టకండి. నికర జలాలెన్ని టీఎంసీలు, ఏ చట్టంలో, ఏ సెక్షనులో పెట్టిస్తాడో అడగండి. రాసిచ్చేదాకా వేదిక దిగనివ్వకండి.